ప్రేమయందు నిలిచియుండుట

భగవంతుని ప్రేమించుట ఒకటి. ఆ ప్రేమయందు నిలిచియుండుట వేరొకటి. మొదటిది ఏ పర్వదినముననో, ఏ ఆపత్సమయముననో, ఏ కీర్తనమును వినునప్పుడో దాదాపు ప్రతి హృదయమునకును క్షణకాలము కలుగును. రెండవదానికి పరీక్ష సోమవారము ఉదయమున పనికి పోవునప్పుడు వచ్చును. ఇంటిలో సరకులు నిండుకొన్నప్పుడు వచ్చును. తోడివాడు పరుషముగా మాటాడినప్పుడు వచ్చును. పండుగనాటి భక్తి పనిదినమునకు చాలకపోవుటయే సాధకులందరి బాధ. ఈ బాధకు క్రైస్తవ ధర్మము చెప్పు సమాధానమెట్టిది? దానిని నమ్మిన గృహస్థుడు నిత్యజీవితమున దాని నెట్లు ఆచరింపవలెను? ఈ పాఠమునందు ఆ విషయమును విచారింతము. పరమతమును గూర్చి తెలిసికొనునప్పుడు, ఆ మతస్థుడు తన విశ్వాసమును ఎట్లు చెప్పుకొనునో అట్లే మొదట వినుట మర్యాద. పోలికలును భేదములును పిదప చూచుకొనవచ్చును.

ఉపదేశకాలము

ప్రేమయందు నిలిచియుండుటను గూర్చి క్రీస్తు చేసిన బోధ యోహాను సువార్త 15వ అధ్యాయమున కలదు. తాను ద్రాక్షవల్లి యనియు, శిష్యులు దాని కొమ్మలనియు, తన తండ్రి తోటమాలి యనియు ఆయన అచ్చట చెప్పును. వల్లినుండి వేరుపడిన కొమ్మ ఫలింపజాలదు. అంటియున్న కొమ్మ విస్తారముగ ఫలించును. ఫలించు కొమ్మను సైతము తోటమాలి కత్తిరించును, అది మరింత ఫలించుటకొరకు. తండ్రి తన్ను ప్రేమించినట్లే తాను శిష్యులను ప్రేమించితిననియు, ఆ ప్రేమను విడువక దానియందే ఉండవలసినదనియు ఆయన వారిని ఆదేశించును.

ఈ మాటలు పలికిన కాలము గమనింపదగినది. అది ఆయన మరణమునకు ముందటి రాత్రి. భోజనపంక్తియందు లేచి, నడుమునకు తువాలు కట్టుకొని, సేవకునివలె శిష్యుల పాదములను కడిగిన రాత్రి. ఆ పాదములలో తన్ను పట్టియిచ్చుటకు నిశ్చయించుకొన్న యూదా పాదములును ఉండెను. పేతురు తన్ను ఎరుగనని చెప్పునని కూడ ఆయన అప్పటికే హెచ్చరించియుండెను. సుఖముగా నున్నవాడు చెప్పిన ప్రేమబోధ కాదిది. ద్రోహమును ఎదుట చూచుచు చెప్పిన బోధ. కనుకనే ద్రోహమును, అవమానమును అనుభవించినవారు దీనిని తమకొరకు చెప్పినదిగా స్వీకరింపగలుగుచున్నారు.

ఇంటివాడుక మాట

మూలగ్రంథమునందు ఇచ్చట వాడబడిన గ్రీకు క్రియ ‘మెనో’ అనునది. ఆ అధ్యాయమున 4వ వచనము మొదలు 10వ వచనము వరకు గల ఏడు వచనములలో అది పది పర్యాయములు వచ్చినది. తెలుగు బైబిలునందు దీనికి ‘నిలిచియుండు’ అను మాట వాడిరి. మంచి మాటయే. కాని ఈ మాటను వినగానే మనకు ఏదో యోగస్థితియు, చలనములేని సమాధియు స్ఫురించుట కద్దు. గ్రీకు పదమునకు అట్టి గాంభీర్యము లేదు. ఒకని ఇంటిలో బసచేయుట, ఉండిపోవుట, వెళ్లక ఆగుట అని దాని సామాన్యార్థము.

అదే సువార్త మొదటి అధ్యాయమున ఇద్దరు శిష్యులు క్రీస్తును తొలిసారి కలిసికొని, ఆయన బస ఎచ్చటనని ప్రశ్నింతురు. అక్కడ ఉన్నదియు ఈ క్రియయే. లూకా సువార్తలో జక్కయ్య అను సుంకపు అధికారి ఇంట తాను ఉండవలసియున్నదని క్రీస్తు చెప్పునపుడును ఇదియే. ప్రొద్దు వాలినది, మాతో ఉండుమని ఎమ్మాయు గ్రామమునకు పోవు బాటసారులు ఆయనను బలవంతము చేయునపుడును ఇదియే. కనుక ప్రేమయందు నిలిచియుండుట యనగా ప్రేమయే ఇల్లుగా అందు కాపురముండుట. ఇంటిలోనున్నవాడు ప్రతిక్షణమును ‘నేను ఇంటిలో నున్నాను’ అని తలపోయడు. వండును, ఊడ్చును, నిద్రించును, జ్వరమువచ్చి పడియుండును. అయినను ఇంటిలోనే యుండును. బయటికి పోయినను తిరిగి అచ్చటికే వచ్చును.

ప్రేమను ఆజ్ఞాపింపవచ్చునా?

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. ప్రేమ హృదయమున తనంతట పుట్టవలసినది గదా, ఆజ్ఞవలన ప్రేమ ఎట్లు కలుగును? నన్ను ప్రేమింపుమని రాజు శాసించినచో ప్రజలు భయపడుదురు గాని ప్రేమింపరు. మరి క్రీస్తు తన ఆజ్ఞలను గైకొనుటయే తన ప్రేమయందు నిలుచుట యనుచున్నాడు. ఒకరినొకరు ప్రేమించుటయే ఆయన ఆజ్ఞ.

ఈ ఆక్షేపణకు సమాధానము పై పదవిచారమునందే యున్నది. భావమును రమ్మని ఎవరును ఆజ్ఞాపింపజాలరు. కాని మనుష్యుని వెళ్లిపోవలదని ఆజ్ఞాపింపవచ్చును. రోగియైన బిడ్డ ప్రక్కన రాత్రియంతయు కూర్చుండిన తల్లి హృదయమున ఆ రాత్రియంతయు మధురభావములు పొంగుచుండవు. అలసట కలుగును, విసుగును కలుగును. ఆమె లేచిపోదు. ఆ లేచిపోకుండుటయే ఆమె ప్రేమ. క్రైస్తవ దృష్టిలో క్రమము ఇట్టిది: మొదట భగవంతుడు మనుష్యుని ప్రేమించెను, ఆ ప్రేమ మనుష్యుని యోగ్యతకు ఫలము కాదు, మనుష్యుడు దానిని కల్పింపనక్కరలేదు, సంపాదింపనక్కరలేదు, దానిని విడిచిపోకుండుటయే అతని వంతు. ఆజ్ఞ ఆ ఇంటిలోనికి ప్రవేశించుటకు చెల్లించు మూల్యము కాదు. ఆ ఇంట నివసించువారి నడవడి.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ 13వ అధ్యాయమున ప్రేమను వర్ణించినాడు. మూలమునందు ఆ వర్ణనలో 4 నుండి 7 వరకు గల వచనములలో పదిహేను క్రియాపదములున్నవి. ప్రేమ ఎట్టిదో చెప్పుటకు ఆయన విశేషణములను పేర్చలేదు. అది ఏమి చేయునో, ఏమి చేయదో చెప్పినాడు. అందొక క్రియ లెక్కలు వ్రాయువారి పద్దు పుస్తకమునుండి వచ్చినది: తనకు జరిగిన కీడును ప్రేమ పద్దు వేసికొనదని అర్థము. పదిహేనవదగు చివరి క్రియ ‘హుపొమెనో’. భారము క్రింద ఉండిపోవుట యని దాని ధాత్వర్థము. పైన మనము చూచిన ‘మెనో’ యే ఇందును ఉన్నది.

కొమ్మయు కోతిపిల్లయు

కృపకును ప్రయత్నమునకును గల సంబంధమును గూర్చి శ్రీవైష్ణవాచార్యులు చెప్పిన రెండు న్యాయములు మన పాఠకులెరిగినవే. కోతిపిల్ల తల్లిని తానే కరచిపట్టుకొనును; పిల్లికూనను తల్లియే నోట కరచుకొనిపోవును. వడగలై వారు మొదటి న్యాయమును, తెంగలై వారు రెండవ న్యాయమును ఆదరింతురు. ద్రాక్షకొమ్మ దృష్టాంతము ఈ రెండింటికిని కొంత దగ్గరయై, కొంత భిన్నముగానున్నది. కొమ్మ వల్లిని చేతులతో పట్టుకొనలేదు. వల్లియు కొమ్మను మోసికొనిపోవుట లేదు. ఒకే రసము రెండింటను ప్రవహించుచున్నది. కొమ్మ చేయు పని యంతయు ఆ రసమును అడ్డగింపక స్వీకరించుటయే.

ఇంతమాత్రముచేత రెండు మార్గములును అన్నివిధముల నొకటే యని చెప్పుట తొందరపాటగును. కొమ్మ ఎన్నటికిని వల్లి కాదని క్రైస్తవుడు విశ్వసించును. జీవుడు భగవంతునితో సహవాసము పొందును గాని భగవంతుడే తానని యెరుగుట అతని లక్ష్యము కాదు. ఆ సహవాసము చరిత్రలో ఒకానొక కాలమున జన్మించి, సిలువపై మరణించి, మరల లేచిన క్రీస్తుద్వారముననే తనకు లభించినదని అతని నమ్మిక. అద్వైతి ఇట్లు చెప్పడు. ఈ భేదమును కప్పిపుచ్చిన స్నేహము నిలువదు. తెలిసి గౌరవించిన స్నేహము నిలుచును. భగవద్గీతతోపాటు థామస్ ఎ కెంపిస్ రచించిన ‘క్రీస్తు అనుకరణము’ను వెంటనుంచుకొని దేశాటనము చేసిన స్వామి వివేకానందుడు ఇట్టి గౌరవమునకు ఉదాహరణము. 1889లో ఆయన ఆ గ్రంథములో కొంతభాగమును వంగభాషలోనికి అనువదించెను.

వంటయింటి సాధువు

మఠమునందు ప్రార్థించువారికి ఇది సాధ్యము కావచ్చును, పనిపాటలు చేయువారికి ఎట్లు సాధ్యమందురేని, సహోదరుడు లారెన్సు చరిత్రను చూడవలెను. ఆయన పూర్వనామము నికొలా హెర్మన్. ఫ్రాన్సునందలి లొరేన్ ప్రాంతమున పేదయింట 17వ శతాబ్ది ఆరంభమున జన్మించెను. సైనికుడుగా పనిచేసి గాయపడి కుంటివాడయ్యెను. 1640 ప్రాంతమున పారిస్ నగరమందలి కార్మెలైటు మఠమున చేరెను. చదువులేనివాడగుటచే వంటపని నప్పగించిరి. వంటపనియనిన ఆయనకు స్వభావముచేత అయిష్టము. అయినను సుమారు పదునైదు సంవత్సరములు ఆ పనియే చేసి, తరువాత మఠవాసుల పాదరక్షలను బాగుచేయుచు, 1691లో దేహమును విడిచెను. ఆయన సంభాషణములును, లేఖలును మరణానంతరమున సంకలనము చేయబడి, భగవత్సన్నిధి అభ్యాసమును గూర్చిన గ్రంథముగా లోకమంతట చదువబడుచున్నవి.

ఆయన నేర్పిన రహస్యము చిన్నది. ప్రార్థనవేళ వేరు, పనివేళ వేరు అను విభజనను ఆయన తొలగించెను. పెనముమీద అట్టును త్రిప్పుటయు భగవంతునిపై ప్రేమతోనే చేయవచ్చునని చెప్పెను. ఇది ఆయనకు ఒక్కదినమున అలవడలేదు. మొదటి పది సంవత్సరములు మిక్కిలి అశాంతితో గడచినవని ఆయనయే చెప్పినాడు. మరచినప్పుడు మరచితినని దేవునియెదుట ఒప్పుకొని, దానిని తలచి కుమిలిపోక, మరల పనిలో ప్రవేశించెడివాడు. పడినదానికంటె పడిన పిదప చేయు శోకమే సాధకుని ఎక్కువకాలము దూరముగా నుంచునని ఆయన అనుభవము.

కర్మాగారపు కాలనీలో

ఇక మనకు దగ్గరనున్న కార్మికజీవనమును చూతము. ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయపూరునందు రైల్వేవారి వాగన్ రిపేర్ షాపు కలదు. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరములనుబట్టి అచ్చటి నివాసప్రదేశమునకు డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీ యని పేరు వచ్చినది. విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఉత్తరాంధ్ర ప్రాంతమునకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును అది దగ్గరి దారి. రాయపూరు రైల్వేపేటలలో తెలుగువినబడుట వింతకాదు. ఆ కాలనీ మైదానమున దసరానాడు జరుగు రావణదహనమును చూచుటకు నగరమంతయు తరలివచ్చును. అట్టిచోట హిందువులును, క్రైస్తవులును, మహమ్మదీయులును ఒకే కర్మాగారమున పనిచేసి, ఒకే వీధిలో కాపురముందురు. ఒకరి ఉప్పు, ఒకరి పప్పు ఒకరికి తెలియనిది కాదు.

తెలుగు క్రైస్తవునకు పరదేశమునందును తోడుండునది తన కీర్తనము. పర్లాకిమిడి ప్రాంతమువాడగు పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో క్రైస్తవ మతమును స్వీకరించి, మన రాగతాళములలో రచించిన కీర్తనములు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమున చేరి నేటికిని పాడబడుచున్నవి. హిందీ మాటాడు ఊరిలో పెరుగు పిల్లలు సైతము సాయంప్రార్థనయందు తెలుగున పాడుదురేని, అట్టి పాటలవలననే.

ఇట్టి కాలనీలో ఒక క్రైస్తవ కార్మికుడున్నాడని అనుకొందము. అతడు ఆదివారము తప్పక ఆరాధనకు పోవును. భోజనమునకు ముందు ప్రార్థించును. కాని తనపై చాడీలు చెప్పి తనకు రావలసిన పదోన్నతిని తప్పించెనని ఒక తోడి కార్మికునితో మూడేండ్లుగా మాటలాడుట మానినాడు. ఇద్దరును ఒకే జట్టులో పనిచేయుదురు. పనిముట్టు కావలసినచో మూడవవాని నడుగుదురు. ఇతడు ప్రేమయందు నిలిచియున్నాడా? కనబడు సోదరుని ద్వేషించుచు, కనబడని దేవుని ప్రేమించుచున్నాననువాడు అబద్ధికుడని యోహాను తన మొదటి లేఖలో కఠినముగా చెప్పినాడు. ఇతని ప్రార్థన కపటము కాకపోవచ్చును. కాని ఎచ్చటనో రసము అడ్డగింపబడినది.

అతని పనిలోనే ఒక దృష్టాంతము కలదు. నేటి గూడ్సుబండ్లకు గాలి బ్రేకులుండును. ఇంజనునుండి చివరి వాగను వరకు పోవు గొట్టమునందు చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాముల ఒత్తిడిగల గాలి నింపబడును. గాలి నిండియున్నంతకాలము బ్రేకులు విడివడి చక్రములు స్వేచ్ఛగా తిరుగును. ఒత్తిడి తగ్గగానే బ్రేకులు పట్టును. గొట్టము తెగినచో బండియంతయు నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు గాలి తిరిగి నిండినను ఏదో ఒక వాగనుయొక్క బ్రేకు విడువక చక్రమును పట్టియుండును. బండి సాగుచునే యుండును. ఆ చక్రము మాత్రము ఒరసికొని కాలుచుండును. వాగనునకు స్వంత ఇంజను లేదు. దానిని నడుపు శక్తి ముందునుండి వచ్చును. తగులుకొనియుండుటయు, పట్టినదానిని విడుచుటయు, ఈ రెండే దానికి కావలసినవి. ఆ కార్మికుడు ఆరాధనయందు తగులుకొనియే యున్నాడు. పట్టినదానిని మాత్రము విడువలేదు. ఆ వేడి అతని ఇంటివారికిని తగులుచుండును.

ఇప్పుడతడు చేయవలసినదేమి? ఎదుటివానిని కౌగిలించుకొనుమని మొదటనే చెప్పిన అది నాటకమగును. అతని హృదయమున లేని భావమును రప్పింపజాలము. కాని, ఆ తోడివాడు బిగించిన ఒక భాగము వదులుగా నున్నదని ఇతడు కనిపెట్టెననుకొందము. మూడవవానిచేత చెప్పింపక, నలుగురిలో వానిని చిన్నబుచ్చక, మేస్త్రీకి చాడీగా మోయక, తానే పోయి, వాని పేరుపెట్టి పిలిచి, ‘అన్నా, ఇది ఒకసారి చూడుము’ అని చెప్పవలెను. ఆ ఒక్క మాట ప్రేమ. దానివలన ఎరుగని ప్రయాణికుల ప్రాణములును కాపాడబడవచ్చును. ఇట్లే, స్నేహితుడు గదాయని లోపమున్న వాగనును బాగుగా నున్నదని ఒప్పుకొనుట ప్రేమ కాదు. పౌలు చెప్పిన పదిహేను క్రియలలో సత్యమునందు సంతోషించుట కూడ ఒకటి. క్షమ అన్యాయమును న్యాయమనుట కాదు; పదోన్నతి విషయమున అతడు నియమానుసారముగ అర్జీ పెట్టుకొనవచ్చును. పద్దు పుస్తకమును మాత్రము హృదయమునందుంచుకొనరాదు.

ఆచరణక్రమము

పై బోధను దినచర్యలోనికి తెచ్చుకొనగోరు క్రైస్తవ గృహస్థునకు ఈ క్రింది సాధనలు ఉపయోగపడును. ఇతర మార్గములవారును తమ ఇష్టదైవమును తలచి వీనిని అనుష్ఠింపవచ్చును.

మొదటిది: నిద్రలేవగానే ఏదియు అడుగుటకు ముందు, తాను అప్పటికే ప్రేమింపబడియున్నానని తలచుకొనవలెను. బిచ్చగానివలె దినమును ఆరంభించువాడు తోడివారిని పోటీదారులుగా చూచును. ఇంటిబిడ్డవలె ఆరంభించువాడు వారిని పంక్తిలోనివారుగా చూచును.

రెండవది: పనిని మార్చునప్పుడెల్ల ఒక్క ఊపిరికాలము భగవంతుని స్మరింపవలెను. పొయ్యి వెలిగించునప్పుడు, కర్మాగారపు ద్వారమును దాటునప్పుడు, పనిముట్టును చేతబట్టునప్పుడు, ఇంటి గడప త్రొక్కునప్పుడు. దీర్ఘమైన ప్రార్థనకు తీరికలేనివారికిని ఇంత తీరిక కలదు.

మూడవది: ప్రతిదినమును ఒక చిన్నపనియైనను తనకు ఇష్టము కానివానికొరకు చేయవలెను. తెలుగు క్రైస్తవ గృహములలో స్త్రీలు అన్నమునకు బియ్యము పోయునపుడు ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరుగానుంచు అలవాటు కలదు. మన ఊళ్లలోని ముష్టిభిక్షవంటిదే అది. ఆ పిడికెడును కుటుంబము పోగొట్టుకొన్నట్లు ఎరుగదు. నెలతిరుగునప్పటికి అది ఒకరి ఆకలి తీర్చును. సహనమునందును ఇట్లే పిడికెడు పిడికెడుగా తీసిపెట్టవలెను.

నాల్గవది: ప్రొద్దుక్రుంకువరకు కోపమును నిలువయుంచుకొనరాదని పౌలు ఎఫెసీయులకు వ్రాసినాడు. కనుక నిద్రకు ముందు ఆ దినమున ఎవరిపై పద్దు వ్రాసికొంటినో చూచుకొని, దానిని దేవుని యెదుట కొట్టివేయవలెను. మరునాడు అది మరల కనబడును, మరల కొట్టివేయవలెను. పాతబాకీ ఒక్క గీటుతో పోదు.

ఐదవది: హృదయము ఎండిపోయినప్పుడు సాధనను మార్చరాదు. శీతకాలమున ద్రాక్షకొమ్మ ఎండినకట్టెవలె నుండును. దానిని చూచినవాడు చచ్చినదనుకొనును. వల్లికి అంటియున్నంతవరకు అది చావలేదు. కత్తిరింపబడినప్పుడు సైతము తోటమాలి చేయి తనకు మిక్కిలి దగ్గరగా నున్నదని క్రైస్తవ సాధకుడు నమ్మును.

ఈ ఐదింటను కఠినమైనది మూడవది. తక్కినవానిని గదిలో తలుపు మూసికొని చేయవచ్చును. దీనిని మాత్రము మరియొక మనుష్యుని ముఖము చూచి చేయవలెను. కాని కొమ్మ తనకొరకు ఫలింపదు. దాని పండ్లను తినువారు ఇతరులు. మనవలన మన ఇంటివారికిని, ఇరుగుపొరుగువారికిని, మనతో మాట మానినవారికిని ఏ పండు దొరకుచున్నదో, దానినిబట్టియే మనము ఎచ్చట కాపురమున్నామో తెలియును. నేటి దినమున మనము మాట మానిన ఒకని పేరు తలచుకొందము. ఆ పేరుతో ప్రార్థించి, ఆ పేరుతోనే వానిని పిలుతము.